పాల్ మెకార్ట్నీ బాస్ గిటార్ దొంగతనం: తరచుగా అడిగే ప్రశ్నలు

1960ల నాటి ఇంగ్లాండ్ పాటల బృందం బీటిల్స్ మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు అందులోని పాల్ మెకార్ట్నీ బాస్ గిటార్ దొంగతనం సంగతి ఎత్తుతారు. ఒకరు స్టూడియోలో పోయిందంటారు, ఇంకొకరు అది ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉందంటారు, మూడో మనిషి ఇదంతా ప్రచారం కోసం అల్లిన కథ అని తేల్చేస్తాడు. అవే సందేహాలకు ఎన్నోసార్లు జవాబు చెప్పాక, అన్నిటినీ ఒకచోట రాసి పెట్టడమే మేలనిపించింది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ఆ వాద్యం సంగతి

ఇంతకీ పోయింది ఏ గిటార్?

జర్మనీకి చెందిన హాఫ్నర్ సంస్థ తయారు చేసిన 500/1 మోడల్ బాస్ గిటార్. వయొలిన్‌ను కాస్త పెద్దది చేసినట్టు ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని వయొలిన్ బాస్ అంటారు. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్ నగరంలోని స్టైన్‌వే దుకాణంలో దాన్ని కొన్నారు. ధర సుమారు 30 పౌండ్లు. అప్పటికి బీటిల్స్ ఇంకా ఒక్క సొంత రికార్డు కూడా తేలేదు. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రంతా వాయించి పొట్ట పోసుకుంటున్న కుర్రాళ్లు.

బాస్ అంటే మామూలు గిటార్ కాదా?

కాదు. సాధారణంగా నాలుగే తీగలు ఉంటాయి, లావుగా ఉంటాయి, స్వరం బాగా కింది స్థాయిలో పలుకుతుంది. పాటకు అడుగున నడిచే ఆ గంభీరమైన నాదమే బాస్. ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్లలో విన్నవారికి ఇంతకు మించి వివరించనక్కరలేదు.

అంత గొప్ప సంగీతకారుడు 30 పౌండ్ల వాద్యం ఎందుకు కొన్నాడు?

కొన్ననాటికి ఆయన గొప్పవాడు కాదు కాబట్టి. బృందంలో బాస్ వాయించే స్టూవర్ట్ సట్‌క్లిఫ్ చిత్రకళ చదువుకోవడానికి హాంబర్గ్‌లోనే ఉండిపోయాడు. ఆ చోటు ఎవరో ఒకరు నింపాలి. అప్పటిదాకా గిటార్, పియానో వాయిస్తున్న మెకార్ట్నీ మీద ఆ పని పడింది. పేరున్న ఫెండర్ సంస్థ బాస్ కొనాలంటే సుమారు 100 పౌండ్లు కావాలి, అంత డబ్బు లేదు. హాఫ్నర్ చవక, పైగా లోపల డొల్ల కావడం వల్ల తేలిక. గంటల తరబడి భుజానికి తగిలించుకుని నిలబడేవాడికి అది చిన్న విషయం కాదు.

ఇంకో కారణం కూడా ఆయనే చెప్పారు. ఆయనది ఎడమచేతి వాటం. కుడిచేతి గిటార్‌ను తిప్పి పట్టుకుంటే కొమ్ములు తలకిందులై వికారంగా కనిపిస్తాయి. వయొలిన్ ఆకారానికి రెండు వైపులూ ఒకేలా ఉంటాయి, ఎలా పట్టుకున్నా చూడటానికి ఇబ్బంది ఉండదు. ఆయనకు దొరికింది ఎడమచేతి వాటానికి తయారైనదే.

ఆ వాద్యం ఏ పాటల్లో వినిపిస్తుంది?

బీటిల్స్ మొదటి రెండు ఆల్బమ్‌లు, ఆ రోజుల్లో వచ్చిన సింగిల్స్, అంటే విడి పాటల రికార్డులు. 'లవ్ మి డూ', 'షి లవ్స్ యు', 'ట్విస్ట్ అండ్ షౌట్' పాటల్లో అడుగున నడిచేది ఇదే. లివర్‌పూల్‌లోని క్యావెర్న్ క్లబ్ కచేరీల్లోనూ ఇదే వాయించారు.

మెకార్ట్నీ ఇప్పటికీ వయొలిన్ బాసే వాయిస్తున్నాడు కదా, మరి పోయింది ఏమిటి?

సగం గందరగోళానికి మూలం ఈ ప్రశ్నే. ఆయన దగ్గర రెండు ఉండేవి. మొదటిది 1961లో కొన్నది. రెండోది 1963లో చేతికి వచ్చింది. అది వచ్చాక ప్రధాన వాద్యం అదే అయింది, పాతది అవసరానికి పక్కన ఉంచుకునే వాద్యంగా మిగిలింది. 1969 జనవరి 30న లండన్‌లో మేడ మీద చేసిన ప్రసిద్ధ కచేరీలోనూ, తర్వాత దశాబ్దాల తరబడి ప్రపంచ యాత్రల్లోనూ మీరు చూసినది 1963 నాటి గిటార్. పోయినది 1961 నాటిది.

ఫొటోల్లో రెంటినీ గుర్తుపట్టడం తేలికే. తీగల కింద నల్లగా కనిపించే రెండు పట్టీలను, అంటే తీగల నాదాన్ని పట్టుకునే పికప్‌లను చూడండి. రెండూ మెడ వైపు దగ్గర దగ్గరగా ఉంటే 1961ది, ఒకటి మెడ దగ్గర, మరొకటి దూరంగా, తీగల కింది కొస ఆనే బ్రిడ్జి వైపు ఉంటే 1963ది.

## పోయిన రాత్రి

1969లో స్టూడియోలో పోయిందని చదివాను, నిజం కాదా?

కాదు. 1972లో ఒక వ్యానులోంచి పోయింది. అయితే మీరొక్కరే కాదు, దాదాపు లోకమంతా అలాగే నమ్మింది.

ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1969 జనవరిలో బీటిల్స్ రిహార్సల్స్‌ను, రికార్డింగులను కెమెరాలతో చిత్రీకరించారు. ఆ దృశ్యాల్లో 1961 బాస్ కనిపిస్తుంది. ఆ తర్వాత ఎక్కడా కనిపించలేదు. చివరిసారి కనిపించిన చోటే పోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. మరుసటి ఏడాది బృందమే చీలిపోయింది, ఎవరి సామాను ఎవరి దగ్గర ఉందో అడిగే నాథుడు లేడు. ఊహ కాస్తా పుస్తకాలకెక్కింది, పుస్తకాల్లో ఉంది కాబట్టి నిజమైపోయింది.

నా దృష్టిలో ఈ కథలో అసలు దొంగకు పెద్ద అండ ఆ తప్పు తేదీయే. మూడేళ్లు ముందటి సంవత్సరంలో, ఊరికి మరో మూల వెతికితే ఎవరికైనా ఏమి దొరుకుతుంది? 1972లో వ్యాను వద్ద జరిగినది తెలిసినవారు ఉన్నారు. కానీ పత్రికలన్నీ 1969, స్టూడియో అని రాస్తుంటే, తమకు తెలిసినది దాని గురించేనని వారికి తట్టే వీలు లేదు.

అయితే నిజంగా ఎప్పుడు, ఎక్కడ పోయింది?

1972 అక్టోబర్ 10 రాత్రి, పశ్చిమ లండన్‌లోని నాటింగ్ హిల్ ప్రాంతంలో, ల్యాడ్‌బ్రోక్ గ్రోవ్ వీధి దగ్గర. అప్పటికి బీటిల్స్ విడిపోయి రెండేళ్లు దాటింది. మెకార్ట్నీ తన కొత్త బృందం వింగ్స్‌తో పనిచేస్తున్నారు. బృందం సామాను ఉన్న వ్యానును సౌండ్ ఇంజనీర్ తాను ఉంటున్న చోటికి దగ్గర్లో రాత్రికి నిలిపాడు. తెల్లారి వచ్చి చూస్తే తాళంకప్ప విరిగి రోడ్డు మీద పడి ఉంది. బాస్‌తో పాటు మరో గిటార్, రెండు వోక్స్ ఏసీ30 యాంప్లిఫయర్లు మాయం.

అంత విలువైనదాన్ని రాత్రంతా వ్యానులో వదిలేస్తారా?

నేటి కళ్లతో చూస్తే మతిలేని పనిలాగే ఉంటుంది. 1972లో అది పదకొండేళ్ల పాత గిటార్, అంతే. సంగీతకారులు వాడిన వాద్యాలు వేలంలో లక్షల పౌండ్లు పలకడం అప్పటికి ఎవరి ఊహకూ రాని సంగతి. రోజూ దించి ఎక్కించే సామానులో అదీ ఒకటి.

ఆ ఇంజనీర్‌ను మెకార్ట్నీ ఏమీ అనలేదా?

ఏమీ అనలేదు. జరిగింది చెప్పడానికి ఆ మనిషి వణుకుతూ ఇంటికి వెళితే, తన దగ్గర వేరేవి ఉన్నాయి, బాధపడవద్దని ఓదార్చి పంపారట. దశాబ్దాల తర్వాత ఆ ఇంజనీరే స్వయంగా ఈ సంగతి చెప్పాడు. ఉద్యోగమూ పోలేదు, ఆ తర్వాత కూడా మెకార్ట్నీ దగ్గర పనిచేశాడు.

దొంగ దాన్ని ఎందుకు అమ్ముకోలేదు?

అమ్మాడు, కాకపోతే కారుచౌకగా. ఎడమచేతి వయొలిన్ బాస్ అంటే ఇంగ్లాండ్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఒక్కడే. ఏ సంగీత దుకాణానికి తీసుకెళ్లినా మొదటి ప్రశ్నకే దొరికిపోయే సొత్తు అది. ఆ చుట్టుపక్కలే ఉన్న అడ్మిరల్ బ్లేక్ అనే పబ్ యజమానికి అది చేరింది. కొద్దిపాటి డబ్బు, కొన్ని గ్లాసుల బీరు, ఇదీ అందిన ప్రతిఫలమని తర్వాత బయటపడింది. ఎంత పేరున్న సొత్తయితే దొంగకు అంత పనికిరానిది.

## అటక మీద ఏళ్లు

ఆ తర్వాత ఇన్నేళ్లూ ఎక్కడ ఉంది?

ఒకే కుటుంబంలో. పబ్ యజమాని నుంచి పెద్ద కొడుక్కి, అతని తర్వాత చిన్న కొడుక్కి వచ్చింది. చివరికి ఇంగ్లాండ్ దక్షిణ తీరాన ససెక్స్ ప్రాంతంలో, వరసగా అతికినట్టు కట్టిన మామూలు ఇళ్లలో ఒకదాని అటక మీదికి చేరింది. పాత పెట్టెలూ, పనికిరాని సామానూ పెట్టుకునే చోటు. గాజు బీరువా లేదు, రహస్యపు గది లేదు. ఎవరో కోటీశ్వరుడు నేలమాళిగలో దాచుకుని రాత్రిళ్లు చూసుకుంటున్నాడని ఊహించుకున్నవారికి ఇది నిరాశ కలిగించవచ్చు.

ఆ ఇంటివాళ్లు కావాలనే దాచారంటారా?

నేను అనను. దాచే ఉద్దేశమే ఉంటే వెతుకులాట వార్తలు రాగానే వారంతట వారు ఫోను చేసి ఉండేవారు కాదు. పోయినవారు వదిలివెళ్లిన సామాను మన ఇళ్లలోనూ ఎంతో ఉంటుంది. తాతగారి ట్రంకుపెట్టెలో ఏముందో మనలో ఎందరం విప్పి చూశాం?

## వెతుకులాట

వెతికింది పోలీసులా, ప్రైవేటు డిటెక్టివులా?

ఇద్దరూ కాదు. హాఫ్నర్ సంస్థతో ఎంతోకాలంగా పనిచేసిన నిక్ వాస్ అనే నిపుణుడు ఉన్నారు. ఈ మోడల్ చరిత్రను కాచి వడపోసిన మనిషి. మెకార్ట్నీయే ఒకసారి మాటల మధ్య ఆ పాత బాస్ ఏమైందని ఆయన్ను అడిగారు. దాంతో 2018లో వెతకడం మొదలుపెట్టారు, పెద్దగా ఫలితం రాలేదు. తర్వాత స్కాట్ జోన్స్, నయోమి జోన్స్ అనే పాత్రికేయ దంపతులు ఆయనతో చేతులు కలిపారు. 2023 సెప్టెంబర్‌లో 'లాస్ట్ బాస్ ప్రాజెక్ట్' పేరుతో, ఏమైనా తెలిస్తే చెప్పండని ప్రజలను బహిరంగంగా కోరారు.

ఇన్నేళ్లు దొరకనిది కొన్ని నెలల్లో ఎలా దొరికింది?

తేదీ సరిపడటం వల్ల.

ప్రకటన రాగానే సందేశాలు వెల్లువెత్తాయి. వాటిలో ఒకటి 1972లో ఆ వ్యాను నడిపిన సౌండ్ ఇంజనీర్‌ది. స్టూడియోలో పోలేదు, నా వ్యానులోంచి పోయింది, ఫలానా రాత్రి, ఫలానా వీధి అని ఆయన చెప్పాడు. యాభై ఏళ్లుగా అందరూ తవ్వుతున్న గొయ్యి తప్పు చోట ఉందని ఆ ఒక్క ఉత్తరంతో తేలిపోయింది.

ఇక బృందం చేసిన తెలివైన పని, ఆ సంగతిని గుట్టుగా ఉంచుకోకపోవడం. ల్యాడ్‌బ్రోక్ గ్రోవ్, 1972 అని పత్రికల్లో రాయించారు. ఒకప్పుడు ఆ పేటలో పబ్ నడిపిన కుటుంబానికి ఆ వీధి పేరు తెలుసు, అటక మీద ఉన్న పాత బాస్ గుర్తుకొచ్చింది. వారు నేరుగా మెకార్ట్నీ కార్యాలయానికి కబురు చేశారు.

దొరికినది అసలుదేనని ఎలా తేల్చారు?

హాఫ్నర్ నిపుణులు పరీక్షించి ధ్రువీకరించారు. ఈ వాద్యం విషయంలో ఆ పని మరీ కష్టం కాదు. 1961 నాటి ఎడమచేతి 500/1 అంటేనే అరుదు. పైగా 1964లో దీనికి పూర్తిగా కొత్త వార్నిష్ వేయించారు, రెండు పికప్‌లనూ ఒకే చెక్క చట్రంలో బిగించారు. కర్మాగారం నుంచి అలా వచ్చిన గిటార్ మరొకటి ఉండదు. 1968, 1969 నాటి దృశ్యాల్లో ఆ మార్పులన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, పక్కన పెట్టి పోల్చుకోవడమే. నకలు చేయదలచినవాడు దుకాణంలో ఉన్న మోడల్‌ను కాపీ కొట్టగలడు గానీ మరమ్మతులను అచ్చుగుద్దడం అంత సులువు కాదు.

ఇదంతా ప్రచారం కోసం ఆడిన నాటకం కాదా?

ప్రచారం కావాలనుకుంటే దొరికిన రోజే ఊరేగించేవారు. 2023 చివరికల్లా గిటార్ మెకార్ట్నీ దగ్గరికి చేరినా, పరీక్షలన్నీ ముగిశాక 2024 ఫిబ్రవరిలో గానీ ప్రకటించలేదు.

## తిరిగొచ్చాక

దొరికినప్పుడు వాయించే స్థితిలో ఉందా?

లేదు. విడిభాగాలేవీ పోలేదు, అప్పటి పెట్టె కూడా దానితోనే ఉంది. కానీ మళ్లీ పలకాలంటే మరమ్మతు తప్పలేదు. డొల్లగా, పలుచని చెక్కతో చేసిన వాద్యం అటక మీద చలికీ వేడికీ యాభై ఏళ్లు ఓర్చుకుంది, అది చాలదా.

మెకార్ట్నీ దాన్ని మళ్లీ వాయించారా?

వాయించారు. 2024 డిసెంబర్ 19న లండన్‌లోని ఓ2 అరీనాలో, కచేరీల యాత్ర చివరి రాత్రి ఆ బాస్‌ను వేదిక మీదికి తెప్పించారు. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు రోనీ వుడ్ పక్కన నిలబడగా 'గెట్ బ్యాక్' వాయించారు. తిరిగి రా అనే అర్థం ఉన్న పాటను ఎంచుకోవడంలో కొంటెతనం ఆయనదే. అప్పటికి ఆయన వయసు 82.

దాని విలువ ఎంత ఉంటుంది?

కోటి పౌండ్లు ఉండవచ్చని పత్రికలు అంచనా వేశాయి. వేలానికి రాలేదు కాబట్టి అది అంచనాయే. పోలికకు ఒక నిజమైన లెక్క: నిర్వాణ బృందం గాయకుడు కర్ట్ కోబేన్ వాడిన మార్టిన్ గిటార్ 2020లో 60 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

యాభై ఏళ్లు దగ్గర పెట్టుకున్నవారికి హక్కు రాదా?

ఈ వ్యవహారం కోర్టు దాకా వెళ్లలేదు, కుటుంబం తానుగా ఇచ్చేసింది. సూత్రం మాత్రం ఇది: తనది కానిదాన్ని అమ్మినవాడు కొన్నవాడికి హక్కు ఇవ్వలేడు. ఇంగ్లాండ్‌లోనూ అంతే, మన 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోనూ సాధారణ నియమం అంతే. కాలపరిమితి చట్టాలు కలిస్తే చిక్కుముడులు పడతాయి, అవి లాయర్లు విప్పుకోవలసినవి.

ఇక్కడొక వింత చెప్పకుండా ఉండలేను. ఇంగ్లాండ్‌లో శతాబ్దాల పాటు ఒక పాత నియమం ఉండేది. గుర్తింపు పొందిన బహిరంగ సంతలో, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య, దొంగ సొత్తని తెలియకుండా కొంటే ఆ వస్తువు కొన్నవాడిదే. 1990ల మధ్యలో గానీ దాన్ని రద్దు చేయలేదు. పబ్‌లో చేతులు మారిన గిటార్‌కు అది వర్తించదనుకోండి.

## ఇలాంటివే మరికొన్ని

ఇలా పోయి దొరికిన గిటార్లు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. నాకు బాగా నచ్చేది కెనడా సంగీతకారుడు రాండీ బాక్‌మన్ కథ. 1957 నాటి నారింజ రంగు గ్రెచ్ గిటార్ 1976లో టొరంటోలోని ఒక హోటల్ గదిలోంచి పోయింది. దాని బెంగతో ఆయన వందలకొద్దీ గ్రెచ్ గిటార్లు కొన్నాడు, ఏదీ అది కాలేదు. 2020లో ఒక అభిమాని పాత వీడియోలో ఆ గిటార్ చెక్క మీద ఉన్న చిన్న ముడిని గమనించి, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను గిటార్ ఫొటోల మీద ప్రయోగించాడు. అది జపాన్‌లో తకేషి అనే సంగీతకారుడి చేతిలో ఉన్నట్టు తేలింది. అతను దుకాణంలో సక్రమంగా కొనుక్కున్నవాడు. బాక్‌మన్ అదే ఏడాది తయారైన, అచ్చం అలాంటి గిటార్‌ను వెతికి తెచ్చి ఇచ్చాడు. 2022 జూలై 1న టోక్యోలోని కెనడా రాయబార కార్యాలయంలో ఇద్దరూ మార్చుకుని, కలిసి వాయించారు.

బీటిల్స్‌లో మిగతావారి గిటార్లు కూడా పోయాయా?

పోయాయి. జాన్ లెనన్ గిబ్సన్ జె-160ఇ గిటార్ 1963 చివర్లో లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ క్రిస్మస్ ప్రదర్శనల వేళ మాయమైంది. 1960ల చివర్లో అమెరికాలోని శాన్ డియేగోలో ఒకతను అది ఎవరిదో తెలియకుండానే కొని, నలభై ఏళ్లు వాయించుకున్నాడు. చివరికి చెక్కలోని చారలను పాత ఫొటోలతో పోల్చి గుర్తించారు. 2015 వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది.

జార్జ్ హారిసన్‌కు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ బహూకరించిన ఎర్రటి లెస్ పాల్ (గిబ్సన్ సంస్థ మోడల్) గిటార్ 1973లో కాలిఫోర్నియాలోని ఇంట్లోంచి పోయింది. హారిసన్ దానికి లూసీ అని పేరు పెట్టుకున్నారు. కొన్న మెక్సికో సంగీతకారుడు ఉత్తినే ఇవ్వనన్నాడు. బదులుగా మరో పాత లెస్ పాల్‌నూ, ఒక బాస్‌నూ ఇచ్చి హారిసన్ దాన్ని విడిపించుకున్నారు.

నా గిటార్ పోతే దొరకాలంటే ఇప్పుడే ఏమి చేసి పెట్టుకోవాలి?

సీరియల్ నంబర్ రాసుకోండి. రసీదు ఫొటో తీసుకోండి. అంతకన్నా ముఖ్యంగా గీతలు, చొట్టలు, చెక్కలోని ముడులు, మార్పించిన విడిభాగాలు దగ్గరనుంచి ఫొటోలు తీసి ఉంచండి. నంబరును గీకేయవచ్చు, చెక్క చారలను మార్చలేరు. పోయిన తేదీ, చోటు కచ్చితంగా రాసి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, ఊళ్లోని సంగీత దుకాణాలకూ మరమ్మతు చేసేవారికీ ఆ ఫొటోలు పంపండి. దొంగ అక్కడ అమ్మకపోయినా, కొన్నవాడు ఎప్పుడో ఒకనాడు తీగలు మార్పించడానికి వస్తాడు.

ఇంకా దొరకనివి ఏమైనా ఉన్నాయా?

అందరూ ఎదురుచూసేది ఎరిక్ క్లాప్టన్ లెస్ పాల్ కోసం. 1966లో జాన్ మేయల్ బృందంతో చేసిన ఆల్బమ్‌లో ఆయన వాయించింది దాన్నే. ఆ ధ్వని విని ఎందరో గిటారిస్టులు అదే మోడల్ కోసం ఎగబడ్డారు. అదే ఏడాది ఆయన కొత్త బృందం క్రీమ్ తొలి రిహార్సల్స్ సమయంలో అది పోయింది. ఏ అటక మీద ఉందో మరి.